పెన్సిలుతో రాసిన గంటలు

విభూది బుధవారం ఫాదరు నుదుట దిద్దిన బూడిద
సోహార్ ఎండకి పది నిమిషాలు కూడా ఆగలేదు.
హెల్మెట్ పట్టీ కింద చెమటలో కలిసి
కంట్లోకి దిగింది, మండింది.
మట్టివి నువ్వని గుడిలో ఏడాదికొకసారి చెబుతారు.
ఇక్కడి గాలి షిఫ్టుకొకసారి చెబుతుంది,
పళ్ల మధ్య కరకరలాడేలా.

నేను టైమ్‌కీపర్ని. బాలశౌరిని.
నూట నలభై మంది రాకపోకలు నా చేతిరాతలో ఉంటాయి.
ఈ తపస్సు కాలానికి చాయ్ మానేశాను.
మానేసినట్టు ఎవరికీ చెప్పకూడదనుకున్నాను.
చెప్పకుండా ఉండలేక
కప్పు అందించిన ప్రతివాడికీ "వద్దులే, నలభై రోజులు" అన్నాను.
ఆ మాట చాయ్ కన్నా తియ్యగా ఉండేది నోట్లో.

ఎడారికి వచ్చిన సైతాను గురించి చిన్నప్పుడు ఉపదేశి చెప్పేవాడు:
రాళ్లు చూపించాడట, గోపురం ఎక్కించాడట,
లోకంలోని రాజ్యాలన్నీ పరిచి పెట్టాడట.
నా దాకా వచ్చేసరికి వాడు అంత శ్రమ పడలేదు.
ఒక గది చూపించాడు.
ఒక్కడికే గది, కిటికీ ఏసీ, మోకాలెత్తు ఫ్రిజ్,
తలుపుకి లోపలి నుంచి గడియ.
ఎనిమిది మంచాల గదిలో ఆరేళ్లు పడుకున్నవాడికి
ఆ గడియ చాలు.
మోకరించమని కూడా అడగలేదు.
"ఆరున్నర తర్వాత నిమిషాలెందుకు శౌరీ, రౌండ్ చేసెయ్" అన్నాడు,
ఇంజనీరు గొంతుతో, మెత్తగా,
ఫైల్లోంచి తలెత్తకుండా.

చేశాను.
ఆరూ యాభైకి దిగినవాణ్ని కాగితం మీద ఆరున్నరకే దింపాను.
పెన్సిలుతోనే కదా, రేపు చెరపొచ్చు అనుకునేవాణ్ని.
ఆ రేపుకి పద్నాలుగు నెలలు.

మూడో శుక్రవారం పాప సంకీర్తనానికి వరసలో నిల్చున్నాను.
కోపం చెప్పాను. ఫోన్లో చూసినవి చెప్పాను.
జపమాల మర్చిపోయిన రాత్రులు ఎన్నో అంకెతో సహా చెప్పాను,
లెక్కల్లో నేను గట్టివాణ్ని.
ఇరవై నిమిషాలు మాత్రం నాలుక కిందే ఉండిపోయాయి.
సత్ప్రసాదం ఆ నాలుక మీదే పెట్టారు.

మన భాష గడుసుది.
శోధన అంటే సైతాను పని, ఆత్మశోధన అంటే మన పని.
ఒకటే మాట, ఇద్దరి చేతుల్లో.
వాడు నన్ను వెతికినంత ఓపికగా
నన్ను నేనెప్పుడైనా వెతుక్కున్నానా?

నిన్న రాత్రి ఎవరో తలుపు కొట్టారు. గడియ తీశాను.
పోశెట్టి. జగిత్యాల వైపువాడు, స్కాఫోల్డింగ్ పని.
చేతిలో కాగితం ముక్కలో చుట్టిన ఖర్జూరాలు.
"ఒక్కపొద్దున్నవంట గదనే.
చాయ్ గూడ తాగుతలేవంట, గింత ఎండల.
ఇగో, ఇవన్న తిను."
లోపలికి రమ్మంటే రాలేదు.
గుమ్మం దాటొచ్చిన చల్లగాలి కాళ్లకి తగిలితే
"మంచిగున్నదే నీ రూము" అని నవ్వి వెళ్లిపోయాడు.

ఎనిమిది పళ్లు.
ఒకటి నోట్లో వేసుకున్నాను.
రాయిని రొట్టె చెయ్యమన్న సంగతి విన్నాను గానీ
రొట్టె రాయి కావడం ఎక్కడా వినలేదు.
నిన్న నోట్లో తెలిసింది.

ఇప్పుడు రాత్రి పదకొండు. మస్టర్ షీటు ముందుంది.
పెన్సిలు డ్రాయరులో పడేసి బాల్ పెన్ను తీశాను.
డెబ్భై మూడో వరస, పోశెట్టి:
ఆరూ యాభై.
కింది కాగితం మీద కూడా పడేట్టు ఒత్తి రాశాను.
ఏసీ కాసేపు ఆగి మళ్లీ మొదలైంది.
"బాగా చేశావు శౌరీ" అంది ఆ మెత్తని గొంతు,
"ఒక్కడికి చాలు."

ఇంకా నూట ముప్పై తొమ్మిది పేర్లు.
మట్టల ఆదివారం ఇక్కడ శుక్రవారమే వచ్చేస్తుంది.
పెన్ను మూత మంచం కిందికి దొర్లింది.
దానికోసం వంగలేదు.